ఖాళీగా వచ్చిన డబ్బా

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు యాదలక్ష్మి ఫోన్‌కు ల్యాబు రిపోర్టు వచ్చింది. పేరు భిక్షపతి, వయసు యాభై ఒకటి, మూడు నెలల సగటు షుగరు 8.9. అంతకు ముందు రిపోర్టులో 8.4.

కుక్కర్ ఒక విజిల్ వేసింది, ఇంకా రెండు వేయాలి. ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో కత్తి, గట్టు మీద కిలో బీన్స్, అందులో సగం తరిగినవి. ఆమె రిపోర్టును పైకి జరిపి పేరు మళ్లీ చూసింది, వయసు చూసింది, రక్తం ఇచ్చిన సమయం చూసింది, సోమవారం సాయంత్రం ఆరుంబావు, భర్త పక్క కుర్చీలో కూర్చున్నది తనే, పొరపాటుకు తావు లేదు. ల్యాబు పిల్ల చేతికి రబ్బరు పట్టీ కట్టినప్పుడు అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇరవై నాలుగేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి గోడకున్న క్యాలెండరు చూస్తూ అడిగాడు, “బిడ్డా, రోజూ పొడుసుకునే సూది గూడ గింతే ఉంటదా?” “అది ఇంకా చిన్నది అంకుల్” అంది ఆ పిల్ల. మూడు నెలల కిందట డాక్టరు చెప్పింది రెండు ముక్కలు: ఎనిమిది కిందికి దిగాలి, తొమ్మిది దాటితే ఇన్సులిన్ సూది మొదలుపెట్టాలి. తొమ్మిదికి ఇప్పుడు పాయింట్ ఒకటి తక్కువ. వచ్చే నెల పందొమ్మిదిన డ్రైవర్లకు మెడికల్ ఉంది, అంటే ముప్పై నాలుగు రోజులు. సూది మీదున్న వాళ్లకు స్టీరింగు ఇవ్వరని డ్రైవర్లు అనుకుంటారు. ఆ రూలు ఎక్కడ రాసి ఉందో ఆమె చూడలేదు, దశరథను మాత్రం చూసింది. దశరథ, భిక్షపతి ఒకే రోజు డ్యూటీలో చేరారు. సూది మొదలయ్యాక దశరథ ఇప్పుడు డిపో గేటు దగ్గర కుర్చీ వేసుకుని బయటికి పోయే బస్సుల నంబర్లు రాస్తాడు. “నేను హారన్ కొడ్తా, ఆడు నంబర్ రాసుకుంటడు, తల ఎత్తడు” అని భిక్షపతి ఒకసారి చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. అతనికి షుగరు ఉన్నట్టు డిపోలో ఎవరికీ తెలియదు, మాత్రలు గ్యాసు గోళీల సీసాలో ఉంటాయి, టీ కొట్టు దగ్గర చక్కెర వద్దంటే గ్యాసు అని చెబుతాడు.

రెండో విజిల్. బీన్స్ తరగడం ఆగలేదు, ఆగితే కుదరదు, ఆమెకు సెలవు మంగళవారమే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం, మూడో అంతస్తు, పట్టు సెక్షను, ఆదివారం అక్కడ కాలు మోపే చోటుండదు కాబట్టి అక్కడి ఆడవాళ్ల వారం బుధవారం మొదలై సోమవారం ముగుస్తుంది, ఇంట్లో వారం కూడా అదే అయింది. ఇవాళ మూడు నుంచి అయిదు లోపు ఆరు రోజుల సామాను సిద్ధం కావాలి, కాకపోతే రేపు పొద్దున అయిదున్నరకు చేతికి దొరికేది అన్నం, మామిడికాయ తొక్కు. కొర్రలు కడిగి ఫ్యాను కింద ఆరబెట్టి ఆరు భాగాలు. పప్పు ఉడికించి ఆరు భాగాలు, తాలింపు మాత్రం ఏ పూటకాపూట. బీన్స్, క్యారెట్, గోరుచిక్కుడు తరిగి గుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో. బబ్బర్లు మొలకలు వచ్చాయి, తెల్లగా, గోరంత. అల్లంవెల్లుల్లి సీసాలోకి పోయింది. డబ్బాల మూతల మీద టేపు, టేపు మీద బుధ, గురు, శుక్ర, శని, ఆది, సోమ, రాత కొడుకు అభిరామ్‌ది, ఇంజినీరింగు రెండో ఏడు, “అమ్మా, మన ఫ్రిజ్ చూస్తే మా కాలేజ్ టైం టేబుల్ లెక్క ఉంది” అన్నాడు రాస్తూ. మంగళవారం బాక్సు పొద్దున అప్పటికప్పుడు వండుతుంది. శుక్రవారం భిక్షపతికి సెలవు, ఆ రోజు డబ్బా ఇంట్లోనే తెరుచుకుంటుంది. మిగతా అయిదు రోజులు ఎక్కడ తెరుచుకుంటుందో, ఎలా తెరుచుకుంటుందో ఆమెకు చెప్పిన మాటల్లోనే తెలుసు, చూసింది లేదు.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద క్లినిక్ కాగితం ఉంది. దాని మీద కంచం బొమ్మ, గీతలు గీసి ముక్కలు చేశారు, సగం కూరలు, పావు పప్పు, పావు అన్నమో కొర్రలో. ఆ కాగితం ఇచ్చిన పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయేమో, “అంకుల్ బాక్స్ మీ చేతిలోనే ఉందాంటీ” అంది. యాదలక్ష్మి ఆ మాట ఇంటికి తెచ్చుకుంది. బాక్సు తన చేతిలో ఉంటే అంకె కూడా తన చేతిలోదే, 8.9 తను వండినదే. ఎక్కడ పోయింది? పొద్దున టీ తనే పెడుతుంది, చక్కెర డబ్బా అటక మీద ఉంది, స్టూలు వేస్తే గానీ అందదు, స్టూలు లాగితే చప్పుడవుతుంది. పొద్దున జొన్న రొట్టె, రెండు, మూడోది అడిగితే లేదంటుంది. రాత్రి కూర ఎక్కువ, అన్నం ఒక గ్లాసు కొలత. బాక్సులో కొర్రలు ఒక కప్పు, ఆ కప్పు క్లినిక్ కింద మందుల షాపులో కొన్నది, గీతలున్న కప్పు, గీత దాటదు. మొదటి వారం అతను అన్నాడు, “కడుపు నిండుతలేదే.” ఆమె అంది, “నిండకుంటే నీళ్లు తాగు.” అతను అన్నాడు, “బస్సుకు డీజిల్ బదులు నీళ్లు పోస్తే నడుస్తదా?” నవ్వాడు. ఆమె నవ్వలేదని ఇప్పుడు గుర్తు. రెండో వారం నుంచి కడుపు మాట ఎత్తలేదు, అలవాటైంది అనుకుంది. అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఆమె ఎవరినీ అడగలేదు. పండ్లు? జామకాయ ముక్క, అదీ వారానికి రెండుసార్లు. బత్తాయి కూడా మానిపించింది, వాళ్ల ఇంట్లో బత్తాయి మానడం అంటే మాటలు కాదు.

మూడో విజిల్. పొయ్యి ఆపింది. కిటికీలోంచి క్రేను కనిపిస్తుంది, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న జాగాలో ఇప్పుడు దవాఖాన కడుతున్నారు, మార్కెట్ ఎత్తేసి కొన్నేళ్లయింది, లారీల వాసన పోయింది, ఈగలు పోయాయి. ఆ క్రేను నిలబడిన చోటికి అటో ఇటో ఆమె తండ్రి బత్తాయి రాశి పోసేవాడు. నకిరేకల్ పక్క ఊరు, తోటల్లో కాయ కోయించి రాత్రికి లారీ ఎక్కించేవాడు, మర్నాడు తల్లి లచ్చమ్మ, తను సద్ది పట్టుకుని ఇంకో లారీలో వచ్చేవాళ్లు, ఆమెకు అప్పుడు తొమ్మిదేళ్లు. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, గిన్నెకు గుడ్డ కట్టి. తండ్రి గోనెసంచి మీద కూర్చుని తినేవాడు, తినేముందు సగం తీసి కాంటా పెట్టే మనిషికి ఇచ్చేవాడు, ఆ మనిషి తిని గిన్నె కడిగి తెచ్చేవాడు, అందులో రెండు బత్తాయిలు. తమ రాశిలోంచే తీసి తమ గిన్నెలోనే పెట్టి ఇచ్చేవాడు. మన కాయలే మనకిచ్చిండు అని ఆమె లారీలో అంటే లచ్చమ్మ నెత్తి మీద ఒక్కటి వేసింది, “ఒట్టి గిన్నె ఎట్ల ఇస్తడే, మనిషి గాదా?” ఊళ్లో కూడా అంతే, పక్కింటి నుంచి కూర వస్తే గిన్నె వెనక్కి పోయేటప్పుడు రెండు ఉల్లిగడ్డలో, దోసెడు పల్లీలో, ఇంట్లో ఏమీ లేని రోజున లచ్చమ్మ కార్డు మీద తెచ్చిన చక్కెర సంచి విప్పి చిటికెడు గిన్నె అడుగున వేసేది. అది పెట్టడం కాదు, గిన్నె ఖాళీ కాదని చెప్పడం. పైన చిన్న విమానం పోయింది, నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునే వాళ్లది, ఇందాక పోయినదే తిరిగి వచ్చి ఉంటుంది, ఎల్బీనగర్ మీదుగా సున్నా చుట్టి మళ్లీ అక్కడికే పోతుంది.

ఖాళీ గిన్నె. సింకు పక్కన స్టాండులో చిన్న డబ్బా బోర్లించి ఉంది. పెళ్లికి మేనత్త పెట్టిన స్టీలు డబ్బా, అడుగున చుక్కలతో చెక్కిన అక్షరాలు, సి. యాదలక్ష్మి, 2004. అలాంటివి రెండు, ఒకటి ఇక్కడ ఉంటే ఒకటి అక్కడ. అక్కడ అంటే సూర్యప్రభ దగ్గర. సూర్యప్రభ అతని బస్సులో కండక్టరు, పామర్రు వైపు వాళ్లు, వనస్థలిపురంలో ఇల్లు. ఈ బాక్సులు మొదలైన రెండో రోజే భిక్షపతి చెప్పాడు, మేడం ఒక ముద్ద తిన్నది, ఏం పెట్టిండ్రు మీ ఆమె, పులిహోర లెక్క ఉంది, ఒంటికి మంచిదట గదా అన్నది. దుకాణంలో రోజుకు రెండు వందల చీరలు విప్పి మడిచే మనిషికి ఎవరూ బాగుందని చెప్పరు, చీర బాగుందంటారు. మర్నాటి నుంచి, మంగళవారం తప్ప, చిన్న డబ్బాలో ఆమెకు వేరే పెట్టింది, నిమ్మకాయ పిండిన కొర్రలు, పైన పల్లీలు. ఆమె డబ్బా ఇంటికి తీసుకుపోయి మర్నాడు తెచ్చి ఇస్తుంది, అంతా సరిగ్గానే ఉంది, ఒక్కటి తప్ప. డబ్బా ఖాళీగా వస్తుంది. కడిగి, తుడిచి, ఖాళీగా. ఒక రోజు మరిచిపోవచ్చు, ఒక వారం పనిలో ఉండొచ్చు, మూడు నెలల్లో అరవై సార్లకు పైగా. యాదలక్ష్మి భర్తను అడగలేదు, అడిగితే ఆశించినట్టవుతుంది. దుకాణంలో భోజనాల గదిలో అంది. పన్నెండు మంది ఆడవాళ్లు, అరగంట, బాక్సులన్నీ మధ్యలో పెట్టుకుని, “ఆంధ్రోళ్లకు గీ మర్యాద లేనట్టున్నది, ఒట్టి డబ్బా పంపుతరు” అంది. ఎదురుగా విజయదుర్గ ఉంది, రాజమండ్రి వాళ్లు, బిల్లింగు కౌంటరు. ముద్ద చేతిలో పట్టుకునే చెప్పింది, “యాదక్కా, ఖాళీ గిన్నె ఇచ్చినందుకు మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది తెలుసా? మా వైపు అలా పంపరు. మీ మేడం పంపదు. చూసుకో, ఎక్కడో ఏదో ఉంది.” “ఏముంటది, డబ్బాకు బొక్క ఉందా?” అంది తను. అందరూ నవ్వారు. అది రెండు వారాల కిందటి మాట.

ఆమె కత్తి పక్కన పెట్టింది. చీమలు. పోయిన నెలలో ఒక రాత్రి స్టాండు నిండా గిన్నెలుంటే చీమలు చిన్న డబ్బాకే పట్టాయి, కుక్కర్‌కు పట్టలేదు, అతని పెద్ద బాక్సుకు పట్టలేదు. మూత అంచు మడతలో ఏదో పిండి ఇరుక్కుని ఉంటే పిన్నీసుతో గీకింది, గిన్నెలు తోమే పొడి సరిగ్గా కడగలేదు అనుకుంది, చీమల చాక్‌పీసుతో స్టాండు చుట్టూ గీత గీసింది. తోమే పొడికి చీమలు రావు. ఇప్పుడు డబ్బా తీసి మూత ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మకాయ వాసన లేదు, పల్లీల వాసన లేదు. నెయ్యి. తమ ఇంట్లో మూడు నెలలుగా నెయ్యి లేదు. కింద రోడ్డు మీద షేర్ ఆటో వాడు ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని అరుస్తున్నాడు. లచ్చమ్మ ఖాళీ గిన్నె పంపదు, విజయదుర్గ వాళ్లమ్మ పంపదు, సూర్యప్రభ మాత్రం ఎందుకు పంపుతుంది, అరవై సార్లు ఖాళీగా వచ్చిన డబ్బా అరవై సార్లు నిండుగా బయలుదేరి ఉండాలి. ఇది అనుకోవడమే. రుజువు కాదు. చీర మీద మరక ఉందని కొన్నామె తిరిగి తెస్తే సూపర్‌వైజరు అడిగేది అదే, నువ్వు చూసినవా, అనుకున్నవా? టైము నాలుగు ఇరవై రెండు. నాలుగు ఇరవైకి బస్సు కోఠిలో ఆగుతుంది, పది నిమిషాలు, డ్రైవరు టీకి పోతాడు, కండక్టరు బస్సులోనే చిల్లర సర్దుకుంటుంది. సూర్యప్రభ నంబరు ఉంది, ఒకసారి అతని ఫోను ఛార్జింగు అయిపోతే దాన్నుంచే చేశాడు. కానీ ఏమని అడగాలి? ఆయనకు షుగరు, ఏం పెడుతున్నారు అని అడగడానికి లేదు. ఆమె మంచిదే కావచ్చు, మంచివాళ్లు కూడా మాట్లాడతారు, భిక్షపతన్నకు షుగరట పాపం అని ఒక్కరితో అంటే చాలు, సాయంత్రానికి గేటు దగ్గర దశరథ కుర్చీ దాకా పోతుంది. అయినా నంబరు నొక్కింది, అవతల ఫోను మోగుతోంది. మొదటి మాట ఇంకా దొరకలేదు.

“హలో, ఎవరండీ?”

“మేడం, నేను యాదలక్ష్మిని. భిక్షపతి ఇంటామెను.”

“అయ్యో, వదినగారా! అన్నయ్య టీకి వెళ్లారండీ, పిలవనా?”

“వద్దొద్దు, మీతోనే. గదే, చిన్న డబ్బా...”

“పొద్దున్నే ఇచ్చేశానండీ. ఇవాళ నెయ్యి కాస్త ఎక్కువైంది, పట్టుకుంటే జారిపోతున్నాయి, చూసుకుని తీయండి. మీరు ఫోన్ చేశారు కాబట్టి అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. సున్నుండలు మీకు నచ్చట్లేదా? మూడు నెలలైంది, మీ దగ్గర్నుంచి బావుందనీ లేదు, బాలేదనీ లేదు. మా ఆయనతో కూడా అన్నాను, నల్గొండ వాళ్లకి ఇవి సయించవేమో అని.”

యాదలక్ష్మి ఖాళీ డబ్బాలోకి చూసింది. “రోజూ పెడ్తున్నరా?”

“పెట్టకపోతే ఎలాగండీ? మీరు రోజూ అంత శ్రద్ధగా చేసి పంపుతుంటే ఖాళీ డబ్బా చేతిలో పెడతానా? మూడు పెడతాను. అన్నయ్యకి, మీకు, బాబుకి. మినుములు, బెల్లం, నెయ్యి, అంతే. పంచదార ముట్టను. మీరు బలమైన తిండి పంపుతుంటే నేను చెత్త పంపకూడదు కదా.”

అవతల చిల్లర గలగలమంది. రెండు మాటలు నాలుక మీద ఉన్నాయి, ఆయనకు షుగరు, అంటే అయిపోతుంది, ఈ ఇంట్లో సున్నుండల సంగతి ఈ నిమిషమే అయిపోతుంది. ఆమె నవ్వింది. దుకాణంలో నేర్చుకున్న నవ్వు, ఎనిమిదో చీర కూడా వద్దన్నామె ముందు నవ్వేది.

“మేడం, మా ఇంటికి ఒక్కటి గూడ రాలే. మీ అన్న రోజూ డబ్బా మంచిగ కడిగి తెస్తుండు. మీరు ఒట్టి డబ్బా పంపుతున్నరని నేను మూడు నెలల సంది మిమ్ముల తిట్టుకుంట కూసున్న.”

అవతల నవ్వు, ఆగలేదు. “మూడూ ఆయనేనా! రోజూనా! వామ్మో, అందుకా మధ్యాహ్నం నాతో టీకి రారు, సీట్లోనే కూర్చుంటానంటారు. ఛ, నేను మిమ్మల్నెన్ని అనుకున్నానో తెలుసా, మాట పొదుపు మనిషని.”

“ఆయనతోని చెప్పుండ్రి. నా వంతు, పిల్లగాని వంతు ఇయ్యాల ఇంటికి రావాలె. లేకుంటే రేపు మీ ఇద్దరికి డబ్బా లేదు.”

“చెప్తానుండండి. బస్సులోనే పంచాయితీ పెడతాను, ప్యాసింజర్లనే తీర్పు చెప్పమంటా.”

“ఇంకోటి వదినా,” అంది యాదలక్ష్మి, మేడం అనే మాట ఎప్పుడు పోయిందో చూసుకోలేదు, “రేపటి సంది లడ్డూలు బంద్. మీ ఇంట్ల కల్యామాకు చెట్టుందట గదా. డబ్బాల గది పెట్టుండ్రి.”

“కరివేపాకా? అదేం పెట్టడమండీ, ఆకులు పెడితే ఎవరైనా నవ్వుతారు.”

“ఈడ బండి మీద పదికి నాలుగు రెమ్మలు, గవి గూడ వాడిపోయినయి. నాకు రోజూ గావాలె. లడ్డూలైతే మీ అన్న నడుమల్నే దిగమింగుతడు, ఆకులైతే ఇంటిదాక ఒస్తయి.”

“అదీ నిజమే. సరే, డబ్బా నిండా కుక్కి పంపుతా. ఉంటానండీ, ఆయన వస్తున్నారు.”

నాలుగు ఇరవై తొమ్మిది. ఆమె కుక్కర్ మూత తీసింది, పప్పు ఉడికింది, గరిటెతో తిప్పితే గింజ మిగల్లేదు. ఆరు డబ్బాల్లోకి పోస్తూ లెక్క వేసింది, రోజుకు మూడు, అరవై రోజులు, నూట ఎనభై. ఒకటి డబ్బా అన్నం తిన్నాక తింటాడు. ఒకటి మధ్యాహ్నం సీట్లో కూర్చుని, కండక్టరు టీకి దిగిపోయాక. ఒకటి సాయంత్రం, డిపోలో బండి అప్పగించి, నల్లా దగ్గరికి పోయేముందు, తిని, డబ్బా కడిగి, జేబురుమాలుతో తుడిచి. ఇదీ అనుకోవడమే, ఆమె చూసింది డబ్బానే. కోపం రావాలి. వస్తుందని చూసింది, పప్పు నాలుగో డబ్బాలోకి పోసేసరికి వచ్చింది కూడా, కానీ అది వచ్చిన చోట నీళ్లు తాగు అన్న తన గొంతు ఉంది. బెల్లం కాబట్టి షుగరు కాదనుకున్నాడా, లేక తెలిసే తిన్నాడా? తెలిసి తిన్నాడు కాబట్టే డబ్బా కడిగి ఉంటాడు. తెలియకపోతే ఇంటికి తెచ్చేవాడు. రెండూ కాకుండా ఇంకొకటి ఉండొచ్చు, రోజంతా కప్పుతో కొలిచి పెట్టిన తిండిలో అది ఒక్కటే ఎవరూ కొలవకుండా పెట్టింది. తను తొమ్మిదేళ్లప్పుడు లారీలో ఆ రెండు బత్తాయిలు ఒడిలో పెట్టుకుని నకిరేకల్ దాకా ఒలవలేదు, అవి రాశిలో వాటికంటే వేరే అనుకుంది.

గీతల కప్పు గట్టు మీద ఉంది. దాన్ని చూసింది, కొర్రలకు అదే వాడింది, గీత దాటనివ్వలేదు, అక్కడ మార్చేదేమీ లేదు. అరలోంచి ఇంకో డబ్బా తీసింది, ఇంతకు ముందు ఈ వరుసలో లేని డబ్బా. మొలకొచ్చిన బబ్బర్లు దోసెడు ఆవిరి మీద పెట్టింది, అందులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మకాయ, పల్లీలు కొన్ని. చేత్తోనే వేసింది, కొలవలేదు. ఒక కోడిగుడ్డు ఉడకబెట్టింది, నిలువునా కోసి పైన పెట్టింది. టేపు ముక్క చించింది, అభిరామ్ ఇంకా కాలేజీ బస్సులోనే ఉన్నాడు, తనే రాసింది, బుధ, మూడు గంటలకు. అక్షరాలు కొడుకు రాసినట్టు రాలేదు. స్టాండు మీది చిన్న డబ్బా కూడా తీసి బుధవారం వరుసలో పెట్టింది, రేపు సూర్యప్రభకు పోవాలి, నిమ్మకాయ కొర్రలు, పైన పల్లీలు ఎప్పటికంటే కొంచెం ఎక్కువ. ఇవన్నీ చేసినా ఫోన్‌లో అంకె అదే, వచ్చే నెల పందొమ్మిదో తారీఖు అదే. ఆమె ఒకసారి మళ్లీ తెరిచి చూసింది.

అయిదు గంటల ముప్పై ఆరు నిమిషాలకు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భిక్షపతి లోపలికి వచ్చి సంచి గట్టు మీద పెట్టాడు, ఎప్పుడూ గుమ్మం పక్క మేకుకు తగిలిస్తాడు. ఖాకీ చొక్కా గుండీలు తీయలేదు. పీట లాక్కుని కూర్చున్నాడు.

“బస్సంత నవ్విచ్చింది మేడం,” అన్నాడు. “మలక్‌పేట కాడ ఒక ముసలామె లేసి, ఏం బిడ్డా, పెండ్లాం పిల్లల నోటికాడిది తింటవా అని అడిగింది. సిగ్నల్ పడ్డది, యాడికి పోవాలె నేను?”

“ఏమన్నవు?”

“ఏమంట? ముందటికి చూసి బండి నడిపిన.”

ఆమె నవ్వలేదు, ఫోను తెరిచి అతని ముందు పట్టుకుంది. అతను కళ్లజోడు కోసం జేబు తడిమాడు, దొరికింది, పెట్టుకోలేదు. “నువ్వే చెప్పు.”

“ఎనిమిది పాయింట్ తొమ్మిది.”

అతను అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూశాడు. ఎడమ చేతి మోచేయి మడత దగ్గర నిన్నటి దూది పట్టీ ఇంకా ఉంది. “బెల్లమే గదా అనుకున్న,” అన్నాడు. కళ్లజోడు జేబులోకి తోసి, “మొదలు అనుకున్న. తర్వాత అనుకోలే.”

“ఇయ్యాల ఎన్ని తిన్నవు?”

“తీసి చూడు.”

ఆమె సంచిలోంచి పెద్ద బాక్సు తీసింది, అది కడిగి ఉంది. దాని కింద చిన్న డబ్బా. అది బరువుగా ఉంది, మూత చుట్టూ నెయ్యి మెరుస్తోంది. మూత తీసింది.

పొద్దున సూర్యప్రభ పెట్టినవి పెట్టినట్టే, సున్నుండలు మూడున్నాయి.